గెలుపుల పద్దు, పట్టాల పద్దు

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఆడపిల్లల చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు ఆదేశించారు. ఈ విషయం మీద ఇలాంటి సభల్లో ఏం చెబుతారో మీకందరికీ తెలుసు. ఒక ఆడబిడ్డ చదివితే ఇల్లంతా చదివినట్టే అంటారు. మనమంతా చప్పట్లు కొడతాం, ఇంటికి పోతాం. అందుకని నేను వేరే దారి పట్టుకున్నాను. ఒక బాస్కెట్‌బాల్ కోచ్ కథ చెబుతాను. ఆమెది అమెరికా. పేరు ప్యాట్ సమ్మిట్. టెన్నెసీ విశ్వవిద్యాలయంలో అమ్మాయిల జట్టుకు 38 ఏళ్ల పాటు శిక్షణ ఇచ్చారు. మన ఉపకార వేతనాలకూ ఆమెకూ ఏమిటి సంబంధం అనుకుంటారేమో. కాస్త ఓపిక పట్టండి, సంబంధం ఉంది.

ముందుగా ఒక సంగతి. అమెరికా కాలేజీల్లో ఆట అంటే సాయంత్రం పూట కాలక్షేపం కాదు. పెద్ద విశ్వవిద్యాలయాల్లో బాగా ఆడే పిల్లలకు ఫీజు, హాస్టలు, భోజనం, పుస్తకాలు అన్నీ కలిపి స్కాలర్‌షిప్ ఇస్తారు. దానికి మారుగా ఆ పిల్లలు కాలేజీ తరఫున నాలుగు సీజన్లు ఆడతారు. ఆ పిల్లల్ని ఎంపిక చేసేది, ఇంటికి వెళ్లి తల్లిదండ్రులను ఒప్పించేది, తీసుకొచ్చి తీర్చిదిద్దేది కోచ్. అంటే మన ట్రస్టు వాళ్లు ఏడాదికొకసారి చేసే ఎంపిక పనిని ఆమె ఉద్యోగంగా చేశారు. ఎంపిక చేసిన తర్వాత నాలుగేళ్లు ఆ పిల్లల బాధ్యత కూడా మోశారు. ఈ రెండో భాగమే నేను ఈరోజు చెప్పదలచుకున్నది.

బాస్కెట్‌బాల్ పుట్టింది 1891 డిసెంబరులో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో గోడల మధ్య ఆడుకోవడానికి ఒక ఆట కావాలని, రెండు పండ్ల బుట్టలు గోడకు కొట్టించి దీన్ని తయారు చేశాడు. మరుసటి సంవత్సరానికే ఆ పక్క ఊళ్లోని స్మిత్ కాలేజీలో సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయురాలు దీన్ని ఆడపిల్లలకు నేర్పించారు. 1893 మార్చిలో రెండు తరగతుల అమ్మాయిల మధ్య పోటీ పెట్టారు. మగవాళ్లను చూడనివ్వలేదు. ఆడపిల్లలు ఎక్కువగా పరుగెత్తితే ఆరోగ్యం చెడుతుందని ఆ రోజుల్లో గట్టి నమ్మకం. అందుకని మైదానాన్ని మూడు ముక్కలుగా గీసి, ఎవరి ముక్కలో వాళ్లే ఉండాలన్నారు. ఎదుటివారి చేతిలోని బంతిని లాక్కోకూడదన్నారు. ఆ జాగ్రత్తల నీడ చాలా కాలం నిలిచింది. టెన్నెసీ రాష్ట్రంలో హైస్కూలు అమ్మాయిలు 1979 దాకా సగం మైదానంలోనే ఆడారు. జట్టుకు ఆరుగురు, ముగ్గురు ఒక వైపు, ముగ్గురు ఇంకో వైపు. మధ్య గీత దాటడానికి వీల్లేదు. గీత ఇవతలే ఉండమనే మాట మన ఇళ్లలోని ఆడబిడ్డలకు కొత్త కాదు గదా!

అలాంటి టెన్నెసీలో 1952 జూన్ 14న ప్యాట్ పుట్టింది. వాళ్లది రైతు కుటుంబం. పొగాకు, పాడి. ముగ్గురు అన్నల తర్వాత ఈమె, ఈమె తర్వాత ఒక చెల్లెలు. మన వైపు కొత్తిమీర కట్టలు కట్టే పిల్లల్లాగే పొద్దున లేస్తే పశువుల పని, బడి నుండి వస్తే చేను పని. రాత్రి పనులన్నీ అయ్యాక ఎండుగడ్డి నిలువ చేసే కొట్టం అటక మీద తండ్రి బిగించిన బుట్టకు బంతి వేస్తూ అన్నలతో ఆడేది. అన్నలు చెల్లెలని తగ్గేవాళ్లు కాదు. ఆ కొట్టంలోనే ఆమె గట్టిపడింది.

తండ్రి రిచర్డ్ హెడ్ చాలా కఠినమైన మనిషి. మాట తక్కువ, పని ఎక్కువ. కానీ ఆ మనిషి చేసిన ఒక పని గమనించండి. తాము ఉన్న చోట హైస్కూల్లో ఆడపిల్లలకు బాస్కెట్‌బాల్ జట్టు లేదు. పక్కనున్న హెన్రియెట్టాకు మారితే జట్టు ఉన్న బడి దొరుకుతుంది. ఆయన కుటుంబాన్ని అక్కడికి మార్చాడు. ఆడపిల్ల ఆట కోసం ఒక రైతు ఇల్లు మారాడు. 1960లలో మాట ఇది.

కాలేజీ దగ్గరికి వచ్చేసరికి ఇంకో గీత అడ్డం వచ్చింది. ఆమె అన్నలకు ఆటల స్కాలర్‌షిప్ వచ్చింది. ఆమెకు రాలేదు. ఆట రాక కాదు. ఆడపిల్లలకు ఆటల స్కాలర్‌షిప్ అనేదే ఆ రోజుల్లో లేదు. మార్టిన్ అనే ఊళ్లోని టెన్నెసీ విశ్వవిద్యాలయం కాలేజీలో తల్లిదండ్రులే డబ్బు కట్టి చదివించారు. ఒకే ఇల్లు, ఒకే అటక, ఒకే ఆట. కొడుకులకు చదువు ఊరికే వచ్చింది, కూతురి చదువుకు పాల డబ్బు పోయింది. ఆ తల్లిదండ్రులు మాత్రం ఆడపిల్లకు ఇంత ఖర్చు ఎందుకనలేదు.

ఆమె కాలేజీలో ఉండగానే, 1972 జూన్ 23న, అమెరికాలో ఒక చట్టం వచ్చింది. దాన్ని టైటిల్ నైన్ అంటారు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే ఏ విద్యా సంస్థలోనూ ఆడ, మగ అనే కారణంగా ఎవరినీ పక్కన పెట్టకూడదని దాని సారాంశం. ఆ చట్టంలో ఆటల మాట పైకి కనబడదు. అది చదువుకు సంబంధించిన చట్టం. కానీ ఆటలు కూడా విద్యాసంస్థ నడిపేవే కాబట్టి వాటికీ వర్తించింది. లెక్క చెబుతాను. 1971–72లో అమెరికా హైస్కూళ్లలో ఆటల్లో పాల్గొన్న ఆడపిల్లలు దాదాపు 2 లక్షల 94 వేలు. మగపిల్లలు 36 లక్షల పైచిలుకు. 2018–19 నాటికి ఆడపిల్లల సంఖ్య 34 లక్షలకు చేరింది. పిల్లలు మారలేదు, వాళ్ల కాళ్లూ చేతులూ మారలేదు. తలుపు తీశారు, అంతే.

1974లో ప్యాట్ డిగ్రీ పూర్తి చేసి, నాక్స్‌విల్‌లోని టెన్నెసీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదవడానికి వెళ్లింది. అక్కడ చదువుకుంటూ జట్టుకు సహాయకురాలిగా ఉండాలని ఏర్పాటు. అంతలో ఉన్న కోచ్ సెలవు మీద వెళ్లడంతో బాధ్యతంతా ఈమె మీద పడింది. వయసు 22. జట్టులో కొందరు ఆమెకంటే ఏడాది మాత్రమే చిన్నవాళ్లు. జీతం నెలకు 250 డాలర్లు. ఒక వైపు తన చదువు, ఇంకో వైపు వ్యాయామ విద్య పాఠాలు చెప్పడం, మధ్యలో జట్టు. పోటీలకు వేరే ఊరికి పోవాలంటే వ్యాను ఆమే నడపాలి. తిరిగి వచ్చాక జట్టు దుస్తులు ఆమే ఉతకాలి. ఆ దుస్తులు కూడా విశ్వవిద్యాలయం కొనిచ్చినవి కావు. అంతకు ముందటి ఏడాది అమ్మాయిలు డోనట్లు, అంటే అక్కడి తీపి వడల వంటివి, అమ్మగా వచ్చిన డబ్బుతో కొన్నవి.

1974 డిసెంబరులో ఆమె మొదటి ఆట. చూడటానికి వచ్చిన వాళ్లు యాభై మందికి కాస్త అటూ ఇటూ. ఫలితం 84–83. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. తర్వాత కాలంలో అదే జట్టు ఆటకు ఇరవై వేలు దాటి జనం వచ్చారు. అది ఏదో ఒక్క రోజులో జరిగిన మార్పు కాదు.

అదే సంవత్సరం కాలేజీ ఆటలో ఆమె మోకాలికి పెద్ద దెబ్బ తగిలి ఉంది. ఇక ఆడటం కష్టమని డాక్టరు చెబితే, బాగు చేయండి, మా అమ్మాయి ఒలింపిక్స్‌కు పోవాలి అన్నాడట తండ్రి. పగలు చదువు, పాఠాలు, జట్టు. మిగిలిన వేళ తన మోకాలికి కసరత్తు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొట్టమొదటిసారి మహిళల బాస్కెట్‌బాల్ పెట్టారు. ఆ అమెరికా జట్టులో ఆమె ఆడి రజతం తెచ్చారు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో అమెరికా మహిళల జట్టుకు కోచ్‌గా స్వర్ణం తెచ్చారు.

విశ్వవిద్యాలయంలో గెలుపుల లెక్క కూడా చెప్పాలి గదా. జాతీయ టైటిళ్లు ఎనిమిది: 1987, 1989, 1991, 1996, 1997, 1998, 2007, 2008. వీటిలో 1997–98లో ఆడిన 39 ఆటలూ గెలిచారు. మొత్తం 38 సీజన్లలో 1,098 గెలుపులు, 208 ఓటములు. 2009 ఫిబ్రవరిలో ఆమె వెయ్యో గెలుపు నమోదయింది. కాలేజీ బాస్కెట్‌బాల్ మొదటి డివిజన్‌లో, మగవాళ్ల జట్లనూ కలిపి చూసినా, వెయ్యి గెలుపులు చేరిన మొదటి కోచ్ ఆమే. ఆమె మొత్తాన్ని తర్వాత కొందరు దాటారు. రికార్డులు దాటడానికే ఉంటాయి.

నేను బ్యాంకులో గుమాస్తాగా పని చేసినవాణ్ణి. లెడ్జరు తెరిస్తే పెద్ద అంకె మీద కన్ను పోవడం సహజం. కానీ ఆమె జీవితంలో 1,098 కంటే పెద్ద అంకె ఇంకొకటి ఉంది. ఆమె దగ్గర ఆడే గడువు పూర్తి చేసిన ప్రతి అమ్మాయీ డిగ్రీ పట్టా పుచ్చుకుంది. నూటికి నూరు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, 38 ఏళ్లు. 208 సార్లు ఆటలో ఓడిపోయిన మనిషి, ఈ ఒక్క పద్దులో ఓడలేదు.

ఇది ఎలా సాధ్యమైంది? ఉపన్యాసాలు చెప్పి కాదు. రెండు మూడు నిబంధనలు పెట్టి, వాటిని ఎవరి కోసమూ సడలించకుండా. మొదటిది, క్లాసు ఎగ్గొట్టకూడదు. ఎగ్గొడితే తర్వాతి ఆటలో ఆడనివ్వరు. ఆ అమ్మాయి జట్టులో ఎంత గొప్ప ఆటగత్తె అయినా సరే, ఎదుట ఎంత పెద్ద జట్టు ఉన్నా సరే. రెండవది, క్లాసులో మొదటి మూడు వరసల్లోనే కూర్చోవాలి. వెనక బెంచీ లేదు. చూడటానికి చిన్న విషయాలు. ఫీజు కట్టిన డబ్బు ఫలిస్తుందా లేదా అనేది తేలేది ఇలాంటి చిన్న విషయాల దగ్గరే. పరీక్షలో మార్కులు తగ్గిన తర్వాత పిలిచి అడిగితే అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఈరోజు క్లాసుకు పోయిందా లేదా అని ఈరోజే అడిగేవాళ్లు ఒకరు ఉండాలి. ఆ ఒకరు ఆమె.

ఒక అమ్మాయి సంగతి చెబుతాను. టమీకా క్యాచింగ్స్. పుట్టుకతోనే వినికిడి లోపం. చిన్నప్పుడు చెవి మెషీన్లు పెట్టుకుంటే బడిలో పిల్లలు వెక్కిరించారు. విసిగిపోయి ఒకరోజు వాటిని గడ్డి మైదానంలోకి విసిరేసింది. తర్వాత ఏళ్ల తరబడి పెదవుల కదలికలు చూసి అర్థం చేసుకుంటూ నెట్టుకొచ్చింది. టెన్నెసీకి వచ్చాక ప్యాట్ ఆ విషయం పట్టించుకున్నారు. మెషీన్లు మళ్లీ పెట్టుకోమని, మాట తీరుకు శిక్షణ తీసుకోమని ఒప్పించారు. రేపు నువ్వు నలుగురి ముందు మాట్లాడాల్సినదానివి అని ఆమె ఆలోచన. ఆ అమ్మాయి తర్వాత 2004, 2008, 2012, 2016 ఒలింపిక్స్‌లలో నాలుగు స్వర్ణాలు సాధించింది. బంతి వేయడం నేర్పే మనిషికి చెవి మెషీన్ల జోలి ఎందుకు? పిల్ల మొత్తం తన బాధ్యత అనుకుంది కాబట్టి.

ఇంకొక అమ్మాయి షమీక్ హోల్డ్స్‌క్లా. న్యూయార్క్ నగరంలో అవ్వ దగ్గర పెరిగింది. దేశంలోని పెద్ద కాలేజీలన్నీ రమ్మని పిలిచినప్పుడు, ఆ అవ్వకు ప్యాట్ క్రమశిక్షణ నచ్చింది. మనవరాలిని దూరమని చూడకుండా టెన్నెసీకి పంపింది. ఆ అమ్మాయి ఉన్నప్పుడే 1996, 97, 98 లలో వరుసగా మూడు టైటిళ్లు వచ్చాయి. ఇక్కడ కూర్చున్న అవ్వలు గమనించాలి. మనవరాలి కాలేజీ ఎంపికలో ఆ అవ్వ చూసింది బిల్డింగులు కాదు, అక్కడ తన బిడ్డను ఎవరు కనిపెట్టి ఉంటారు అన్నది.

1990 సెప్టెంబరులో ప్యాట్ నిండు గర్భిణి. పెన్సిల్వేనియాలో ఒక అమ్మాయి ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడుతుండగా నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ టెన్నెసీలోనే పుట్టాలని పట్టుబట్టి విమానంలో తిరిగి వచ్చారు. కొడుకు టైలర్ పుట్టాడు. ఆ అమ్మాయి మిషెల్ మార్సినియాక్ మొదట వేరే విశ్వవిద్యాలయంలో చేరినా, తర్వాత టెన్నెసీకే వచ్చి 1996లో గెలిచిన జట్టులో ఆడింది.

అంతా తీపే చెబితే అది నిజం కాదు. ఆమె కోపం, ఆమె చూపు ఆ దేశమంతా ప్రసిద్ధం. తొలి రోజుల్లో ఒకసారి జట్టు అమ్మాయిలు రాత్రి పార్టీకి వెళ్లారని తెలిసి, హాలు నాలుగు మూలలా చెత్త డబ్బాలు పెట్టించి, వాంతులయ్యే దాకా పరుగెత్తించారు. ఇలాంటివి చేయమని నేను ఎవరికీ చెప్పను. పిల్లల్ని అలసట పాలు చేయడం వేరు, క్రమంలో పెట్టడం వేరు. ఆమె కూడా కాలం గడిచేకొద్దీ మారారు. పిల్లల మాట వినడం నేర్చుకున్నారు.

ఆ కాఠిన్యం ఎక్కడి నుండి వచ్చిందో ఊహించవచ్చు. కూతురి ఆట కోసం ఇల్లు మారిన ఆ తండ్రి, కూతురిని దగ్గరకు తీసుకుని మెచ్చుకున్నది 1996 టైటిల్ గెలిచిన తర్వాత. అప్పటికి ఆమెకు 43 ఏళ్లు. ఆ తండ్రికి ప్రేమ లేదని ఎవరూ అనలేరు. మన వైపు నాయనలు కూడా ఇంతే. కూతురు మొదటి ర్యాంకు తెచ్చినా, ఆ మిగతా మార్కులు ఎక్కడ పోయాయి అని అడుగుతారు. నాయనలకు ఒక విన్నపం. 43 ఏళ్ల దాకా ఆగవద్దు. ఈరోజు చెక్కు అందుకుని దిగి వచ్చినప్పుడే ఒక మంచి మాట చెప్పండి. ఖర్చు లేదు.

ఆమె పేరు పెరిగాక అదే విశ్వవిద్యాలయం మగపిల్లల జట్టుకు కోచ్‌గా ఉండమని రెండుసార్లు అడిగారు. ఆమె ఒప్పుకోలేదు. మగపిల్లల జట్టుకు పోవడం మెట్టు ఎక్కడం అని ఎందుకు అనుకుంటారో ఆమెకు అర్థం కాలేదు. నెలకు 250 డాలర్లతో మొదలైన ఆమె జీతం 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. మహిళల బాస్కెట్‌బాల్ కోచ్‌లలో ఆ మొత్తం అందుకున్న మొదటి మనిషి ఆమే. జట్టు మారకుండా, ఊరు మారకుండా, అమ్మాయిల ఆటకే ఆ విలువ తెచ్చారు.

2011 ఆగస్టులో ఆమె తనకు అల్జీమర్స్ రకం మతిమరుపు వ్యాధి వచ్చిందని స్వయంగా లోకానికి చెప్పారు. వయసు 59. దాచిపెట్టలేదు, సానుభూతి అడగలేదు. ఆ సీజన్ కూడా సహాయ కోచ్‌ల తోడుతో పని చేసి, 2012 ఏప్రిల్‌లో బాధ్యత వదులుకున్నారు. ఆమె స్థానంలో వచ్చిన హాలీ వార్లిక్ 1970లలో ఆమె దగ్గర ఆడిన అమ్మాయే, 27 ఏళ్లు ఆమెకు సహాయకురాలిగా ఉన్న మనిషే. ఆ ఏడాదే అమెరికా అధ్యక్షుడు ఆమెకు ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారాల్లో ఒకటైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించారు. 2016 జూన్ 28న, 64 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. చివరికి ఆమె జ్ఞాపకం ఆమెను వదిలినా, ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు పదుల సంఖ్యలో కోచ్‌లై ఆ పద్ధతిని ఊరూరా నడిపిస్తూ వచ్చారు.

స్కాలర్‌షిప్ డబ్బు ఉంటే ఎవరైనా చేస్తారు అనే మాట రావచ్చు. దానికి ఇంకొక కోచ్ కథ జవాబు. ఈమె మన దేశం నుండి వెళ్లిన తల్లిదండ్రుల బిడ్డ, సోనియా రామన్. అమెరికాలో టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో చదువుతూ బాస్కెట్‌బాల్ ఆడారు. తర్వాత న్యాయశాస్త్రం చదివారు. అక్కడి ప్రభుత్వ కార్మిక శాఖలో, ఆపైన ఒక పెద్ద పెట్టుబడుల సంస్థలో పని చేశారు. మన ఇళ్లలో అయితే ఇక కదలకుండా కూర్చోమంటాం. ఆమె ఆ ఉద్యోగాల కాలంలోనే వెల్లెస్లీ కాలేజీ అమ్మాయిల జట్టుకు సహాయ కోచ్‌గా పని చేస్తూ వచ్చి, 2008లో ఎం.ఐ.టి. అనే ప్రపంచ ప్రసిద్ధ సాంకేతిక విద్యాసంస్థలో అమ్మాయిల జట్టుకు ప్రధాన కోచ్ అయ్యారు. ఆ సంస్థ జట్టు ఆడే మూడో డివిజన్‌లో ఆటల స్కాలర్‌షిప్‌లు అసలు లేవు. ఆడే అమ్మాయిలంతా ఇంజనీరింగు, సైన్సు చదువుల మధ్య తీరిక చేసుకుని వచ్చేవాళ్లే. అలాంటి జట్టుతోనే 2018, 2019లలో వరుసగా తమ ప్రాంతపు టైటిల్ గెలిచారు. 2020లో మగవాళ్ల వృత్తి లీగు ఎన్.బి.ఎ.లో మెంఫిస్ జట్టు ఆమెను సహాయ కోచ్‌గా తీసుకుంది. 2025లో మహిళల వృత్తి లీగులో సియాటిల్ జట్టు ప్రధాన కోచ్‌గా నియమించింది. ఒకరు డబ్బుతో, ఇంకొకరు డబ్బు లేకుండా. ఇద్దరిలో సమానంగా ఉన్నది ఒకటే. పిల్ల చదువును పక్కన పెట్టి ఆట ఆడించలేదు.

ఇంత దూరం ఎందుకు, దగ్గరలోనే చూడండి. చెన్నైకి చెందిన అనితా పాల్‌దురై మన దేశపు మహిళల బాస్కెట్‌బాల్ జట్టుకు ఏళ్ల తరబడి కెప్టెన్‌గా ఉన్నారు. ఆటే ఆమెకు రైల్వే ఉద్యోగం ఇచ్చింది. 2021లో పద్మశ్రీ వచ్చింది. మన తెలుగు బిడ్డ కరణం మల్లీశ్వరి శ్రీకాకుళం జిల్లా పల్లె నుండి, నీలంశెట్టి అప్పన్న గారి శిక్షణతో మొదలుపెట్టి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆమె. ప్రతి కథలోనూ పిల్లకు తోడు, పిల్లను ఈరోజు వచ్చావా అని అడిగే ఒక మనిషి ఉన్నారు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన తమిళనాడు ప్రభుత్వం ఏళ్ల తరబడి మూవలూర్ రామామిర్దం అమ్మయార్ పేరిట ఆడపిల్లల పెళ్లికి సాయం ఇచ్చేది. ఆ పథకాన్నే చదువు పథకంగా మార్చి, 2022 సెప్టెంబరు 5న పుదుమై పెణ్ పేరుతో మొదలుపెట్టారు. ప్రభుత్వ బడిలో ఆరు నుండి పన్నెండు దాకా చదివిన ఆడపిల్లకు కాలేజీలో నెలకు 1,000 రూపాయలు. పెళ్లికని ఉంచిన సొమ్ము చదువు వైపు తిప్పడం చిన్న మార్పు కాదు. తలుపు తెరిచారు. కానీ తెరిచిన తలుపు లోంచి పిల్ల మూడేళ్లూ రోజూ నడిచి పోతుందా అన్నది వేరే ప్రశ్న. సూళగిరి చుట్టుపక్కల పల్లెల నుండి హోసూరుకో క్రిష్ణగిరికో బస్సెక్కే పిల్లల కష్టం మీకు తెలియనిది కాదు. ఉదయం బస్సు తప్పితే మొదటి రెండు క్లాసులు పోతాయి. ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మొదట మానేది ఆడపిల్లే. రెండో ఏడాదిలో సంబంధం వస్తుంది. ఫ్యాక్టరీ బస్సు ఇంటి ముందుకే వస్తుంది, నెల తిరిగేసరికి జీతం చేతికి వస్తుంది. ఉద్యోగం తప్పని నేను అనను. కుటుంబానికి ఆ డబ్బు అవసరం. కానీ పట్టా చేతికి వచ్చాక పోతే అదే ఫ్యాక్టరీలో వేరే కుర్చీ ఉంటుంది. మధ్యలో ఆగిపోయిన చదువుకు ఎక్కడా కుర్చీ లేదు.

అందుకని ట్రస్టు పెద్దలకు మూడు సూచనలు సమర్పిస్తున్నాను.

మొదటిది. మన వార్షిక నివేదికలో ఈ ఏడాది ఎంతమందికి ఇచ్చాం, ఎంత మొత్తం ఇచ్చాం అని రెండు కాలమ్‌లు ఉంటాయి. మూడో కాలమ్ ఒకటి గీయండి. మన సాయం తీసుకున్న వారిలో ఎంతమంది చదువు పూర్తి చేశారు? ఆడపిల్లలది, మగపిల్లలది వేరువేరుగా రాయండి. మొదటి ఏడాది ఆ అంకె చూసి మనకు సంతోషం కలగకపోవచ్చు. పర్వాలేదు. లెక్క రాస్తేనే లోటు తెలుస్తుంది.

రెండవది. సాయాన్ని ఒకేసారి ఇవ్వకుండా రెండు విడతలుగా ఇచ్చి, రెండో విడతకు మార్కులు కాకుండా హాజరు చూడండి. మార్కులు పిల్ల చేతిలో పూర్తిగా ఉండవు. బడి మారినా, భాష మారినా తగ్గుతాయి. తెలుగు మీడియంలో చదివి కాలేజీలో ఇంగ్లీషు పాఠాలు వినే పిల్లకు మొదటి సెమిస్టరు కొండలా ఉంటుంది. హాజరు మాత్రం పిల్ల చేతిలో, ఇంటి చేతిలో ఉంటుంది. హాజరు తగ్గితే సాయం ఆపమని కాదు నేను చెప్పేది. ఎందుకు తగ్గిందో ఆ ఇంటికి పోయి అడగమని.

మూడవది. అడగడానికి మనిషి కావాలి. ఈ ఊళ్లో ఉద్యోగాలు విరమించిన టీచర్లు, గుమాస్తాలు, పోస్టు మాస్టర్లు, నర్సమ్మలు ఉన్నారు. ఒక్కొక్కరం ఇద్దరు పిల్లల్ని చూసుకుందాం. నెలకొకసారి ఫోను, మూడు నెలలకొకసారి ఇంటికి వెళ్లడం. ఆడపిల్లల ఇళ్లకు మన టీచరమ్మలు, నర్సమ్మలు వెళితే తల్లులు మనసు విప్పి మాట్లాడతారు. దీనికి డబ్బు అక్కర్లేదు, బస్సు చార్జీ చాలు. మొదటి ఇద్దరి పేర్లు నాకు రాయండి.

ఇక బిడ్డలకు ఒక్క మాట. మీరంతా బాస్కెట్‌బాల్ ఆడాలని నేను చెప్పడం లేదు. ఆడితే మంచిదే. పి.టి. పీరియడ్‌లో ఆడపిల్లలు చెట్టు కింద కూర్చోవాలని ఎక్కడా రాసి లేదు. కానీ ఆట ఆడినా ఆడకపోయినా టెన్నెసీ అమ్మాయిల రెండు నిబంధనలు మీకూ పనికొస్తాయి. క్లాసు మానకండి. ముందు వరసలో కూర్చోండి. అర్థం కాకపోయినా ముందే కూర్చోండి. ముందు కూర్చున్న పిల్లను టీచరు పేరు పెట్టి పిలుస్తారు. పేరు తెలిసిన పిల్ల రెండు రోజులు రాకపోతే ఏమైందని అడుగుతారు. అలా అడిగేవాళ్లు ఉన్నంత కాలం చదువు మధ్యలో ఆగిపోవడం అంత సులభం కాదు.

వచ్చే ఏడాది ఈ సభలో మన నివేదిక చదివేటప్పుడు ఆ మూడో కాలమ్ కూడా వినిపిస్తారని ఆశిస్తున్నాను.